రంగు కింది బొట్లు

పుష్పాబాయి పానాకు మూడడుగుల ఇనుప గొట్టం తొడిగి, రెండు చేతులతో ఆ గొట్టాన్ని కిందికి లాగుతోంది. పార్కులో జనాన్ని ఊపే కొలంబస్ పడవ ఇరుసుకున్న పెద్ద నట్టు అది. పద్దెనిమిదేళ్లలో దాన్ని ఆమె రెండుసార్లు విప్పింది. రెండుసార్లూ బేరింగు మార్చి మళ్లీ బిగించింది. ఈసారి బిగించే పని లేదు. గేటు దగ్గర పాతసామాను లారీ కాచుకొని ఉంది.

"గ్యాస్ కట్టర్ పెట్టి కోసేస్తే పోయేది కదా పుష్పా. ఎండెక్కుతోంది" అంది కింద గొడుగు పట్టుకొని నిలబడ్డ అహల్యమ్మ. పార్కు ఆమెది.

"కోస్తే తుక్కయితదమ్మా. ఇప్పితే సామాను లెక్క ఉంటది. ఎవలన్న కొంటవోయి నడుపుకుంటరు."

"ఈ పడవ ఎవరు నడుపుతారే ఇప్పుడు?"

పుష్పాబాయి గొట్టాన్ని మళ్లీ కిందికి లాగింది. నట్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది. గొట్టం తీసి పక్కన పెట్టి, మిగతాది చేత్తోనే విప్పింది. విప్పిన నట్టును గ్రీజు తుడిచి, వాషరుతో కలిపి తీగకు గుచ్చింది. తుక్కుకు పోయేదానికి అంత మర్యాద అవసరమా అని లారీవాడు నవ్వాడు. ఆమె పని అట్లాగే ఉంటుంది.

సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే మీద, మునగాల దాటాక వస్తుంది ఈ పార్కు. బోర్డు మీద వేరే పేరుంది గానీ అందరూ అహల్యమ్మ పార్కనే అంటారు. జెయింట్ వీలు, రంగులరాట్నం, బుల్లి రైలు, కొలంబస్ పడవ, వంకర అద్దాల గది. చాలా ఏళ్లు ఇవే సరిపోయాయి. మిర్యాలగూడ నుంచి కూడా బడిపిల్లల బస్సులు వచ్చేవి. రెండేళ్ల కింద సూర్యాపేట అవతల కొత్త పార్కొకటి తెరిచారు. అందులో పిల్లలు ఎగిరి గెంతే వలల హాలు, కళ్లకు పెట్టుకుంటే సముద్రం కనిపించే అద్దాలు, ఆకాశంలోకి విసిరేసినట్టుండే ఊయలలు. బస్సులన్నీ అటు మళ్లాయి. అహల్యమ్మ ఒక వేసవంతా ఖాళీ పడవను చూస్తూ కూర్చుంది. రెండో వేసవికి అన్నీ మార్చేయాలని తేల్చుకుంది. అద్దాల గది కళ్లద్దాల గది అయింది. రంగులరాట్నం చోట వలల హాలు లేచింది. పడవ చోటికి పెద్ద ఊయల రావాలి. పొడవాటి ఇనుప చేయి, దాని చివర గుండ్రంగా పన్నెండు సీట్లు, మనుషుల్ని అటు ఇటు ఊపుతూ గిర్రున తిప్పుతుంది. మే నెల మొదటి ఆదివారం ప్రారంభం. సూర్యాపేట బస్టాండు నుంచి కోదాడ దాకా ఫ్లెక్సీలు కట్టించింది.

ఊయలను నడిపే మనిషి పుష్పాబాయే అని అహల్యమ్మ ముందే చెప్పింది. ఈ పార్కులో ఒక పద్ధతి ఉంది. ఏ యంత్రాన్ని నడిపేవాళ్లు ఆ యంత్రాన్ని పొద్దున చూసుకొని, "నడపొచ్చు" అని చెప్తేనే టిక్కెట్లు చింపుతారు. ఆ మాట చెప్పినవాళ్లే పిల్లల్ని ఎక్కించి మీట నొక్కాలి. పుష్పాబాయి ఆ మాట చెప్పిన రోజుల్లో ఇంతవరకు ఒక్క పిల్లకు గీత పడలేదు. పెద్ద ఊయల విషయంలోనూ ఆ మాట ఆమే చెప్పాలి.

నాకు సూర్యాపేటలో లేత్ మిషన్ ఉంది. పడవ ఇరుసును రెండుసార్లూ నా దగ్గరే సాపు చేయించింది. ఆమె నాకు అట్లా తెలుసు.

నిడమనూరు పక్క తండాలో పుట్టింది. పదిహేడేళ్లకు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో తవుడు ఊడ్చే పనికి కుదిరింది. ఆ మిల్లు ఫిట్టరు లక్ష్మయ్య పేరుమోసిన పనివాడు. బేరింగు గూడు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, లోపల గుండ్లు ఎట్లా ఉన్నాయో చెప్పేవాడు. అయితే ముప్ఫై ఏళ్లు మరల చప్పుడులో ఉండి ఆయనకు చెవులు పోయాయి. సేటుకు తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఊడ్వడానికి వచ్చిన పిల్లను పిలిచి, స్క్రూడ్రైవరు ఆమె చెవికి పెట్టాడు.

"ఇసుక నమిలినట్టున్నదా, కప్ప అరిసినట్టున్నదా?"

"ఇసుక నమిలినట్టున్నది తాతా."

"అయితే గ్రీజు. కప్ప అరిస్తే చెప్పు, గుండు పగిలినట్టు."

నాలుగేళ్లు ఆమె విన్నది, ఆయన తేల్చాడు. ఆ తరువాత ఆయన తేల్చాల్సిన అవసరం లేకపోయింది. లక్ష్మయ్య వేడిని ముంజేతి వెనకవైపుతో చూడమన్నాడు. పగులు కంటికి కనబడకపోతే కిరోసిన్, సుద్దముక్క తెమ్మన్నాడు. పుస్తకంలో ఉన్న సంగతులేమీ కావివి. ఉన్నా వాళ్లిద్దరికీ ఆ పుస్తకం దొరికేది కాదు.

పెళ్లయి కోదాడ వచ్చాక ఈ పార్కులో ఊడ్చే పనికే చేరింది. ఒకనాడు చీపురు పట్టుకొని పడవ పక్క నుంచి పోతూ ఆగింది. "అమ్మా, లోపల కప్ప అరుస్తున్నది" అని అహల్యమ్మతో చెప్పింది. అప్పటి మెకానిక్కు పడీ పడీ నవ్వాడు. విప్పి చూస్తే మూడు గుండ్లు పగిలి ఉన్నాయి. ఆ వారమే పానాల డబ్బా ఆమె చేతికి వచ్చింది.

కొత్త ఊయల రెండు ట్రెయిలర్ల మీద వచ్చింది. తెలుపూ నీలమూ రంగు, ఎండలో కళ్లు చెదిరేట్టు మెరుస్తోంది. వెంట సందీప్ వచ్చాడు. యంత్రం అమ్మిన కంపెనీ మనిషి, విజయవాడ వైపు కుర్రవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్. క్రేనుతో బిగింపు అయ్యేదాకా వారం రోజులు కోదాడ లాడ్జిలో ఉన్నాడు.

"ఇటలీ డిజైన్ అక్కా ఇది. ఫ్యాక్టరీ నుంచి కంటైనర్‌లో ముంబై పోర్టుకి, అక్కణ్ణుంచి సరాసరి మీ దగ్గరికి. ముందు ఎవరూ సీటు మీద కూర్చోలేదు కూడా" అన్నాడు.

పుష్పాబాయి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది. నట్ల దగ్గర ఆగి వేలితో అంచులు తడిమింది. "నట్టు మూలలు గుండ్రమైనయి. పానా శానాసార్లు పడ్డట్టున్నది."

"ఫ్యాక్టరీలో టెస్ట్ బిగింపులు చేస్తారక్కా. విప్పి, ప్యాక్ చేసి పంపుతారు."

"బోల్టు మరల సందుల్ల రంగున్నది. బిగిచ్చినంక గద ఏసింది. కొత్తదానికైతే ముక్కలు ఇడిగున్నప్పుడే ఏస్తరు, గిట్లుండదు."

సందీప్ ట్యాబ్ లోంచి తలెత్తి అహల్యమ్మ వైపు చూసి నవ్వాడు. "మేడమ్, మీ దగ్గర ఇన్‌స్పెక్టర్ ఉందని ఎవరూ చెప్పలేదే."

అహల్యమ్మ కూడా నవ్వింది. అయితే ఆ రోజు సాయంత్రం పుష్పాబాయిని ఆఫీసు గదిలోకి పిలిచింది.

"నువ్వు ఆ పడవ మీద మనసు పెట్టుకున్నావని నాకు తెలుసు. పడవ పోయిందన్న బాధ దీని మీద తీర్చుకోకు. ఫ్లెక్సీలు కట్టించేశాను."

"బాధ ఉన్నదమ్మా. లేదంటలేను. కాని నట్టు మూలలు నా బాధకు గుండ్రం కావు గద."

ఆ మాట అన్నది గానీ ఇంటికి పోయాక ఆమెకు తన మీదే అనుమానం వచ్చిందట. తరువాత నాతో చెప్పింది. కొత్తదాన్ని చూడగానే తప్పులు వెతుకుతున్నానా, లేక తప్పులుంటేనే కనబడుతున్నాయా? పడవను అంతలా చూసుకున్న మనిషికి ఆ తేడా తెలుసుకోవడం కష్టం. అందుకని మరుసటి రోజు నోరు మూసుకొని, చెవి మాత్రం తెరిచి పెట్టుకుంది.

బుధవారం మొదటిసారి ఊయల తిప్పారు. ఖాళీ సీట్లతో పది ఊపులు ఊగింది. పార్కు పనివాళ్లంతా చప్పట్లు కొట్టారు. పుష్పాబాయి అప్పటికే ఊయల కాలికి స్క్రూడ్రైవరు ఆనించి, వింటూ నిలబడి ఉంది. ఆగగానే సందీప్ దగ్గరికి పోయి, "ఊపు తిరిగి మళ్లేటప్పుడు టక్కుమంటున్నది. ఒక్కసారే. ఎక్కడ్నో సందున్నది" అంది.

"అది హైడ్రాలిక్ సౌండ్ అక్కా. వాల్వ్ క్లోజ్ అయినప్పుడు వస్తుంది."

"వాల్వు కింద మోటారు కాడున్నది. చప్పుడు సీట్ల దిక్కునుంచి వస్తున్నది."

"ఖాళీగా తిరుగుతోంది కాబట్టి కొంచెం శబ్దం ఉంటుంది. మనుషులెక్కితే సర్దుకుంటుంది."

"ఖాళీగ తిరిగినప్పుడే టక్కుమంటే, పన్నెండుమంది ఎక్కినంక ఏమంటది సారూ? గోనెసంచుల ఇసుక నింపి కూసోబెట్టి తిప్పుదాం. మిల్లుల వడ్లెత్తే కొత్త ఎలివేటరు పెడితే గట్లనే సూస్తరు."

సందీప్ టైము లేదన్నాడు. గురువారం పొద్దున చూస్తే సీట్ల చక్రం దగ్గర రెండు బోల్టులు వదులై, ఒకటి సగం బయటికి వచ్చి కనబడింది. సందీప్ వాటిని చూసి వెనక్కి తిరిగాడు. నేరుగా అహల్యమ్మ దగ్గరికి పోయాడు. అద్దాల తలుపు వెనక ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆఫీసులో టిక్కెట్లు చూసుకునే యశోద బయటికి వచ్చి, పుష్పాబాయి చెవిలో చెప్పింది.

"నీ పేరే చెప్తున్నడు అక్కా. పానాలు నీ దగ్గర్నే ఉన్నయంట. బోల్టులు నీకు నువ్వే ఇప్పి, మిషన్ బాగలేదని చెప్తవంట."

"అమ్మ ఏమన్నది?"

"ఏమనలేదు. ఏమనకుంట కూసున్నది."

ఆ మౌనమే పుష్పాబాయికి ఎక్కువ గుచ్చుకుంది. కాసేపటికి అహల్యమ్మ పిలిచి, పానాల డబ్బా ఆఫీసులో పెట్టమంది. కారణం చెప్పలేదు. పుష్పాబాయి డబ్బా తెచ్చి బల్ల పక్కన దించింది. సగం బయటికి వచ్చిన బోల్టు కింద నుంచి చేత్తో తీసిన స్ప్రింగు వాషరును కూడా చీర మీది పనిచొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"గిది సూడుండ్రి. స్ప్రింగు వాషరు కొత్తదైతే నోరు తెరుసుకొని ఉంటది. ఇది పూరా పండుకున్నది. ఏండ్ల సంది నొక్కుడు పడితేనే గిట్లయితది. పది ఊపులకే బోల్టు కదిలింది అందుకే. నేను ఇప్పలేదు."

అహల్యమ్మ వాషరును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పింది. నమ్మిందో లేదో ముఖంలో కనబడలేదు. "రేపు మిషన్ కడుగు. ఆదివారానికి పూజ చేయాలి. పసుపు కుంకుమ నువ్వే పెట్టు, ఎప్పుడూ పెట్టేదానివి నువ్వే కదా" అంది.

పానాలు లాక్కొని బకెట్టు ఇవ్వడమది. యశోదకు కోపం వచ్చింది గానీ పుష్పాబాయి బకెట్టు తీసుకుంది. కడిగితే యంత్రం అంతటా చేయి పడుతుంది. పానా లేకపోయినా ఆమెకు అది చాలు.

శుక్రవారం పొద్దున ఏడింటికే సబ్బునీళ్లు, పాత లుంగీ గుడ్డ పట్టుకొని మొదలుపెట్టింది. సీట్లు తుడిచింది. నడుములు పట్టే ఇనుప కమ్ములు తుడిచింది. తరువాత పొడవాటి చేయి కింది కొస. సీట్ల చక్రాన్ని ఆ చేతికి తగిలించే చోట ఇనుప డబ్బా లాంటి పెట్టె ఉంది. దాన్లో నుంచే మణికట్టు లావు పిన్నులు నాలుగు అడ్డంగా పోతాయి. యంత్రం ఆగి ఉన్నప్పుడు ఆ పెట్టె సరిగ్గా మనిషి నుదురు ఎత్తున ఉంటుంది. గుడ్డ దాని మీద రాసుకుంటూ పోతుంటే వేలి కింద ఏదో తగిలింది. రంగు కింద చిన్న ఉబ్బు. రూపాయి బిళ్లంత గుండ్రం. దానికి జానెడు దూరంలో ఇంకోటి. వాటి మధ్య పైన మూడోది.

పుష్పాబాయి చేయి అక్కడే ఆగిపోయింది.

ప్రతి దసరాకు పార్కులో ప్రతి యంత్రానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది ఆమే. మిల్లులో ఉన్నప్పుడూ పెట్టింది. ఎక్కడ పెడతారో ఆ చేతికి తెలుసు. కనబడే చోట, చేయందే ఎత్తున, వేడి తగలని చోట. ఈ యంత్రానికి బొట్టు పెట్టమంటే తాను ఎక్కడ పెట్టేదో సరిగ్గా అక్కడే ఉన్నాయి ఆ ఉబ్బులు.

గోటితో గీకితే పోలేదు. టిక్కెట్ల కౌంటరులో యశోద దగ్గర పాత బ్లేడు అడిగి తెచ్చింది. నీలం రంగు పెచ్చు లేచింది. కింద ఎర్రగా పొడి. ఎర్రపొడి చుట్టూ ముదురు పసుపు. నూనె కలిపి పెట్టిన బొట్టు, రాయిలా గట్టిపడింది.

అహల్యమ్మను పిలుచుకు రమ్మని యశోదను పంపింది. వెనకాలే సందీప్ కూడా వచ్చాడు.

"అమ్మా, దీనికి నేను ఇంక బొట్టు పెట్టలేదు. కాని బొట్టున్నది."

సందీప్ వంగి చూశాడు. ఒక్క క్షణమే తడుముకున్నాడు. "ఫ్యాక్టరీలో పంపే ముందు పూజ చేస్తారండీ. అందరూ చేసేదే కదా."

"ఇటలీల పసుపు కుంకుమ పెడతరా?" అంది పుష్పాబాయి.

యశోద నవ్వాపుకోలేక అటు తిరిగింది. సందీప్ ముఖం ఎర్రబడింది. "డిజైన్ ఇటలీ అన్నాను. తయారీ వేరే చోట ఉండొచ్చు. ఎక్కడైనా ఒక పూజ చేయకూడదా?"

"చెయ్యొచ్చు సారూ. ఒక్క పూజ చేస్తరు. ఇప్పుడు సూడుండ్రి."

ఎర్రపొడి పక్కన బ్లేడుతో ఇంకాస్త లోతుగా గీకింది. పసుపు కింద మళ్లీ రంగొచ్చింది, ఆకుపచ్చ రంగు. ఆకుపచ్చ కింద మళ్లీ ఎర్రపొడి, మళ్లీ పసుపు. దాని కింద నారింజ రంగు. నారింజ రంగును ఊరికే తాకింది, దాని కింద కూడా ఎర్రటి మరక మెరిసింది. అక్కడ ఆపింది.

"మూడు రంగులు. మూడు రంగుల కింద మూడు బొట్లు. మిషన్‌కు ఏడాదికోసారి రంగెయ్యరు, మూడు నాలుగేండ్లకోసారి ఏస్తరు. గీ నీలం రంగేసినోడు ఇసుక కాయితం పెట్టి అంత రుద్దిండు, సూడుండ్రి, సుట్టూత నున్నగున్నది. బొట్టు మీద మాత్రం రుద్దలేదు. మంచి మనిషి. బొట్టు చెరిపెయ్యబుద్ధి కాలేదు. దాని మీదికెళ్లి రంగు కొట్టిండు."

అహల్యమ్మ తన చూపుడు వేలితో ఆ ఎర్రపొడిని అద్దుకుంది. వేలిని చాలాసేపు చూసుకుంది. తరువాత సందీప్ వైపు తిరిగింది.

"నువ్వేమంటావు బాబూ?"

"మేడమ్, నేను సేల్స్ మనిషిని. నాకు కూడా కొత్తదనే చెప్పారు. ఇంతకు ముందు సెల్‌ఫోన్ల షోరూంలో చేశాను. ఈ బొట్లు అవీ నాకేం తెలుస్తాయి?" గొంతులో ఇందాకటి తేలిక లేదు. అతను నిజమే చెప్తున్నాడో, తెలిసే వచ్చాడో ఇప్పటికీ మాకెవరికీ తెలియదు. "అయినా పాతదైతే మాత్రం? మీ జెయింట్ వీల్ పాతది కాదా? నడుస్తోంది కదా."

"పాతదంటే నాకేం భయం లేదు తమ్మీ" అంది పుష్పాబాయి. ఆమె అతన్ని తమ్మీ అనడం అదే మొదటిసారి. "పాతది పాతదని తెలిస్తే ఇప్పి సూస్తం. ఏది అరిగిందో అది మారుస్తం. కొత్తదంటే ఎవలు ఇప్పుతరు? గదే భయం. ఆదివారం నేను మీట నొక్కాలె. పన్నెండుమంది పిల్లలు మీదుంటరు."

అహల్యమ్మ ఆఫీసు వైపు నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు పానాల డబ్బా తనే మోసుకొచ్చింది. బరువుకు ఒక పక్కకు ఒరుగుతూ తెచ్చి పుష్పాబాయి కాళ్ల దగ్గర దించింది.

"ఆ పిన్నులు తీసి చూపించు" అంది. "టక్కుమందన్నావు కదా."

నాకు పుష్పాబాయి ఫోను వచ్చింది అప్పుడే. నేను బరువులెత్తే చైన్‌బ్లాకు బండిలో వేసుకొని సూర్యాపేట నుంచి బయల్దేరి పదకొండింటికి చేరాను. సీట్ల చక్రం కింద దిమ్మెలు పేర్చి, బరువంతా చైన్‌బ్లాకు మీదికి తీసుకొని, పిన్నులు ఒక్కోటి బయటికి తోశాం. మొదటి మూడూ కొంచెం అరిగాయి. అరుగుదల పాతదే గానీ చెడ్డది కాదు. నాలుగోది సగం వచ్చి పట్టేసింది. పుష్పాబాయి సుత్తితో కొట్టనివ్వలేదు. నూనె పోసి, ఓపికగా తిప్పుతూ తీసింది. చేతిలోకి వచ్చాక గుడ్డతో తుడిచి నాకిచ్చింది. నా కంటికి ఏ పగులూ కనబడలేదు. గీతలున్నాయి, అంతే. సందీప్ ఊపిరి వదలడం నాకు వినబడింది.

"బాగానే ఉందిగా అన్నా" అన్నాడు నాతో.

"కిరోసిన్ ఉన్నదా యశోదా?" అని అడిగింది పుష్పాబాయి. లేదు. వంటగదిలోనూ లేదు. జనరేటరు డీజిల్ తెచ్చారు. పిన్నుకు డీజిల్ పట్టించి, నీడలో పెట్టి, పావుగంట ఆగమంది. ఆ పావుగంట ఎవరూ కుర్చీలో కూర్చోలేదు. అహల్యమ్మ ఫోను రెండుసార్లు మోగింది. ఆదివారం కార్యక్రమానికి వచ్చే పెద్దమనిషి తాలూకు వాళ్లు. తీయలేదు.

తరువాత పొడిగుడ్డతో పిన్ను ఒక్క చుక్క లేకుండా తుడిచింది. సుద్దముక్కను పలక మీద నూరి, ఆ పొడిని పిన్ను మీద మెల్లగా ఊదింది. పిన్ను తెల్లబడింది. సుద్ద పొడిగా ఉన్నంతసేపు ఇనుములో దాక్కున్న చమురును తనలోకి పీల్చుకుంటుంది. పగులు లేకపోతే తెల్లగానే ఉంటుంది.

మేము చూస్తుండగానే పిన్ను మెడ దగ్గర, గుండ్రంగా, సగానికి పైగా ఒక సన్నటి తడి గీత తేలింది. దారపు పోగంత. మెల్లగా ముదిరింది.

"సగం కోసుకున్నది" అన్నాను నేను.

సందీప్ దగ్గరికి వచ్చి ఆ గీతను చూశాడు. వేలితో ముట్టుకోబోయి, ముట్టుకోలేదు. ట్యాబ్ చంకలో పెట్టుకొని వలల హాలు నీడలోకి పోయి ఫోన్లు చేస్తూ కూర్చున్నాడు. ఎవరితో ఏం మాట్లాడాడో, ఒక్కసారి మాత్రం గొంతు పెంచి, "మరి నాకెందుకు చెప్పలేదు" అనడం యశోద విన్నది.

అహల్యమ్మ పిన్నును రెండు చేతులతో పట్టుకొని ఎండలోకి తీసుకుపోయి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు రాలేదు, కోపం రాలేదు. "ఆదివారం లేదు" అంది. అంతే. ఫ్లెక్సీలు దింపడానికి మనుషుల్ని పంపింది. పుష్పాబాయికి క్షమించమని చెప్పడం లాంటిదేదీ జరగలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తన టిఫిన్ డబ్బాలోంచి మామిడికాయ పప్పు తీసి పుష్పాబాయి పళ్లెంలో వడ్డించింది. తిన్నాక అడిగింది.

"ఇదంతా తిప్పి పంపేయమంటావా?"

పుష్పాబాయి పళ్లెం పక్కన పెట్టింది. యంత్రాన్ని కింది నుంచి పైదాకా చూసింది. "కాళ్లు మంచిగున్నయి. చెయ్యి మంచిగున్నది. అతుకులు నేను సూసిన. మీదున్న బేరింగులు ఇప్పి సూడాలె. అవి బాగుంటే, పిన్నులు, బోల్టులు, వాషర్లు అన్నీ కొత్తయి ఏస్తే నడుస్తది. కాని నేను చెప్తే సాలదు. పరికరాలతోటి లోపల సూసేటోళ్లు ఉంటరంట, ఆళ్లను పిలువుండ్రి. ఆళ్లు కాదంటే పంపెయ్యుండ్రి."

తాను విన్నదాన్ని తానే అనుమానించి, ఇంకొకరితో సరిచూపించమనే పనివాళ్లు నాకు ఎక్కువమంది తెలియదు.

హైదరాబాదు నుంచి ఇద్దరొచ్చి, రెండు రోజులు అతుకు అతుకూ యంత్రాలు పెట్టి చూశారు. పై బేరింగుల్లో ఒకటి మార్చమన్నారు. పుష్పాబాయి చెవిపెట్టి అదివరకే దాన్నే చెప్పింది. పిన్నులకు ఏ రకం ఉక్కు వాడాలో వాళ్లు రాసిచ్చారు. నాలుగూ నేను నా లేత్ మీద చేశాను. మెడ దగ్గర మూల పదునుగా ఉండడం వల్లే పాతది పగిలిందని వాళ్లన్నారు. అక్కడ వంపు తీయమన్నారు, తీశాను. చేసిన పిన్నులను పుష్పాబాయి మా షెడ్డుకు వచ్చి తనే చూసుకుంది. ఒకదాని నునుపు ఆమెకు నచ్చలేదు. దాన్ని మళ్లీ లేత్‌కెక్కించి నునుపు చేశాను. నా పనిని నా ఎదురుగా వెనక్కి కొట్టినందుకు నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. ఆమె చెప్పింది సరైనదే.

సందీప్ కంపెనీవాళ్లు మొదట్లో ఫోను ఎత్తలేదు. తరువాత ఎత్తారు. పాతదని కాగితం మీద ఒప్పుకొని, మార్చిన సామాన్లన్నీ వాళ్లే పంపారు. సందీప్ మాత్రం మళ్లీ రాలేదు. ఉద్యోగం మానేశాడని కొందరు, కాదు వేరే జిల్లాకు మార్చారని కొందరు అన్నారు.

మే నెల చివరి వారం బిగింపు పూర్తయింది. మిర్యాలగూడ మిల్లు నుంచి తెప్పించిన గోనెసంచుల్లో ఇసుక నింపి, సీటుకొకటి కట్టారు. మొదటి రోజు నలభై ఊపులు, రెండో రోజు నలభై. ప్రతి పది ఊపులకు ఆపి, పుష్పాబాయి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకొని పెట్టె దగ్గర, మోటారు దగ్గర, నిచ్చెనెక్కి పైన బేరింగుల దగ్గర విన్నది. బోల్టుల మీద సున్నంతో గీతలు పెట్టుకుంది, కదిలితే తెలిసేట్టు. ఒక్క గీతా కదల్లేదు. మూడో రోజు పొద్దున పది ఊపులు చూసి, "టక్కు లేదు" అంది.

సంచులు దింపారు. సీట్లు తుడిచారు. అహల్యమ్మ వచ్చి కొత్త బోర్డు చూపించింది. "సరికొత్త" అన్న మాట దాని మీద లేదు. పుష్పాబాయి బోర్డు చదివి తల ఊపింది. పెట్టె మీద గీకిన చోట ఆకుపచ్చ, నారింజ రంగులు అట్లాగే కనబడుతున్నాయి. రంగు వేయనా అని యశోద అడిగితే, ఇప్పుడొద్దంది.

చేతులు గుడ్డతో తుడుచుకుంది. జేబులోంచి మడిచిన కాగితం తీసింది. ఏవేవి మార్చారో, ఏ తేదీన మార్చారో, మళ్లీ ఎప్పుడు విప్పి చూడాలో యశోదతో రాయించిన కాగితం అది. దాన్నీ, కంట్రోలు పెట్టె తాళంచెవినీ కలిపి, ప్రారంభం నాడు మీట నొక్కేటప్పుడు తనకిమ్మని అహల్యమ్మ చేతిలో పెట్టింది.

"నడపొచ్చమ్మా" అంది.